కొత్త ఆటగాడు నిలిచేదెప్పుడు?

ఈ మధ్య మన ఇళ్లలో 'సర్వరు' అనే మాట తరచుగా వినిపిస్తున్నది. పదో తరగతి చదివే అబ్బాయి భోజనాల వేళ దిగులుగా కూర్చుంటాడు. ఏమయిందిరా అని తల్లి అడిగితే, "మా సర్వరుకు ఎవరూ రావడం లేదమ్మా" అంటాడు. తల్లికి ఆ మాట అర్థం కాదు. తండ్రికి అర్థమైనా, పుస్తకం తీయమని గద్దించి ఊరుకుంటాడు. కాని ఆ దిగులు అంత తేలికగా తీసివేయదగినది కాదు. నెలల తరబడి శ్రమించి ఒక ఊరు కట్టి, వీధులు తీర్చి, దీపాలు పెట్టి, ఆ ఊరికి మనుషులు రాకపోతే కలిగే దిగులు అది. వినేవారున్నారో లేదో తెలియకుండానే గాలిలోకి మాటలు వదలడం మా వృత్తి గనుక, ఆ అబ్బాయి మనస్సు మేము కొంతవరకు ఊహించగలము.

ఆ సర్వరు అనగా ఏమిటో ముందు చెప్పుకుందాము. నలుగురూ కలిసి ఆడే కంప్యూటరు ఆటలో ఎవరి ఇంట వారు కూర్చుని ఆడుతారు. అయినా అందరికీ కనిపించే లోకం ఒక్కటే. ఆ లోకం ఎక్కడో ఒకచోట ఉన్న ఒక కంప్యూటరులో ఉంటుంది. ఎవరు ఎక్కడ నిలుచున్నారు, ఎవరు ఏ రాయి తీసి ఏ గోడ మీద పెట్టారు అనే లెక్క అంతా అదే చూసి, ఆ సంగతి మిగిలినవారి యంత్రాలకు క్షణక్షణమూ చేరవేస్తుంది. అదే సర్వరు. మన పిల్లలు ఎక్కువగా చెప్పే 'మైన్‌క్రాఫ్టు' స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోములోని మోజాంగ్ సంస్థ 2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదల చేసిన ఆట. దిమ్మెలు తవ్వడం, దిమ్మెలు పేర్చడం దాని స్వరూపం. ఆ ఆట సర్వరును ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని తమ కంప్యూటరులోనే నడుపుకోవచ్చు. మనము మార్చకపోతే దానిలో ఒకేసారి 20 మందికి చోటుంటుంది. ఆ ఇరవై చోట్లు నింపడమే అసలు సమస్య.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. పదిమంది ఉన్నచోటికి పదకొండోవాడు వస్తాడు. ఎవరూ లేని చోటికి వచ్చినవాడు రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి వెళ్లిపోతాడు. అరగంట తరువాత మరొకడు వచ్చి అదే పని చేస్తాడు. ఈ విధంగా రోజు మొత్తం మీద ఇరవైమంది వచ్చి కూడా ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పోవచ్చు. లెక్కలో వచ్చినవారు ఉన్నారు, ఊరిలో మాత్రం మనుషులు లేరు. సంత విషయంలో మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. ఏడు రోజులూ తెరిచి ఉంచి ఏడు రోజులూ ఖాళీగా ఉండడం కంటే, వారానికి ఒక్క రోజు నిర్ణయించి ఆ రోజు ఊళ్లన్నీ కలిసేటట్లు చేసినారు.

మొట్టమొదటి బహుజన క్రీడా లోకాలలో ఒకటైన 'మడ్' చరిత్ర చూస్తే ఈ మాటకు తార్కాణం దొరుకుతుంది. ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి దానిని ప్రారంభించినాడు. తరువాత రిచర్డు బార్టిల్ దానిని పెంచి పెద్దచేసినాడు. దానిలో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. "మీరు ఒక ఇరుకు దారిలో ఉన్నారు" అన్నట్టి వర్ణన తెర మీద కనిపిస్తే, ఏమి చేయదలచినది ఆటగాడు అక్షరాలలో రాయాలి. బయటివారికి ఫోను తీగ ద్వారా ప్రవేశం దొరికినది విశ్వవిద్యాలయపు పనులు లేని వేళల్లో, అనగా అర్ధరాత్రి దాటిన తరువాత. తెల్లవారుజాము దాకా మేలుకోవలసి రావడం ఆటగాళ్లకు కష్టమే. కాని ఆ కొద్ది గంటలలో వచ్చినవారందరూ ఒకరికొకరు తారసపడక తప్పలేదు. ఎవరూ తలపెట్టి చేసిన ఏర్పాటు కాకపోయినా, ఆ ఇరుకు వేళే దానికి మేలు చేసినదని మా అభిప్రాయం.

కనుక చిన్న సర్వరు నడిపేవారు మొదట చేయవలసినది ఒక వేళ నిర్ణయించి ప్రకటించడం. శనివారం రాత్రి 8 గంటలకు అందరూ రండి, ఈ వారం నది మీద వంతెన కడదాము అని చెప్పవచ్చు. తెలుగు పిల్లలకు ఇందులో మరొక సదుపాయం ఉన్నది. మనకు శనివారం రాత్రి 8 గంటలయితే న్యూయార్కులో అదే శనివారం ఉదయం 10.30, చలికాలంలో 9.30. గుంటూరులో ఉన్న పిల్లవాడు, న్యూజెర్సీలో పెరుగుతున్న అతని పినతండ్రి కొడుకు, ఇద్దరికీ బడిలేని వేళ అది. వారమంతా ఎప్పుడో ఒకప్పుడు రమ్మంటే ఆ ఇద్దరూ కలుసుకోవడం అరుదు.

మనుషులు ఒకచోటికి చేరిన తరువాత, ఎవరికి ఏమి కావాలి అన్న ప్రశ్న వస్తుంది. బార్టిల్ పండితుడు 1996లో ప్రచురించిన ఒక వ్యాసం ఈ విషయంలో నేటికీ ఉదాహరింపబడుతున్నది. ఇట్టి లోకాలకు వచ్చే ఆటగాళ్లను ఆయన పేకముక్కల రంగులతో పోల్చినాడు. డైమను వారికి నిధులు కావాలి, మెట్టు మీద మెట్టు ఎక్కాలి. ఇస్పేటు అనగా ఆంగ్లంలో పార గనుక, ఇస్పేటు వారు లోతులు తవ్వి రహస్యాలు వెదికేవారు. ఆఠీను వారికి ఆట ఒక మిష, వారు వచ్చేది నలుగురితో మాటాడడానికి. ఇక కళావరు వారికి అసలైన ఆట ఇతరులను కొట్టడంలోనే ఉన్నది. ఆంగ్లంలో ఆ రంగు పేరుకు దుడ్డుకర్ర అనే అర్థం కూడా ఉన్నది. ఏ మనిషీ పూర్తిగా ఒక్క రంగు కాడని మనకు తెలిసినదే. అయినా ఈ పోలిక వలన ఒక సంగతి తేటపడుతుంది: ఒక రంగు వారు పెరిగితే దాని ఫలితం ఇతర రంగుల మీద పడుతుంది. కళావరు వారు మితిమీరితే మొదట మాయమయ్యేది ఆఠీను వారు. మాటాడేవారు పోయిన తరువాత మిగిలినవారికి అక్కడ ఉండడానికి కారణాలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి.

1997లో అమెరికాలో వెలువడిన 'అల్టిమా ఆన్‌లైను' ఆటలో ఇది ప్రత్యక్షంగా జరిగినది. పట్టణపు కావలివారి హద్దు దాటగానే ఎవరు ఎవరినైనా చంపి సొమ్ము దోచుకోవచ్చు. నాలుగు కట్టెలు కొట్టుకుందామని అడవికి వెళ్లిన కొత్తవాడు తిరిగి రాడు. నిర్వాహకులు దొంగలకు చెడ్డపేరు అంటగట్టే పద్ధతులు ఎన్నో పెట్టి చూసినారు, అవి చాలలేదు. చివరకు 2000 సంవత్సరంలో లోకాన్నే రెండుగా చేసినారు. ఒక దానిలో పాత పద్ధతి, రెండవ దానిలో ఒప్పుకోనివానిపై చేయి చేసుకోరాదు. జనంలో చాలా భాగం రెండవ లోకానికి తరలిపోయినారు. పాత లోకపు రుచి పోయినదని వాపోయేవారు నేటికీ ఉన్నారు. వారి మాటలోనూ కొంత న్యాయం లేకపోలేదు, భయం లేని అడవి అడవి కాదు గదా.

అయితే చావే కొత్తవానిని తరిమివేస్తుందని అనుకోవడం కూడా తొందరపాటే. ఐస్లాండువారు 2003 నుండి నడుపుతున్న 'ఈవ్ ఆన్‌లైను' అనే అంతరిక్ష క్రీడ కఠినమైనదని పేరుపడినది. 2015లో ఆ సంస్థవారు తమ కొత్త ఆటగాళ్ల మొదటి రెండు వారాలను పరిశీలించి ఒక వింత బయటపెట్టినారు. శత్రువు చేతిలో ఓడ పోగొట్టుకున్న కొత్తవారు, ఎవరూ తాకని కొత్తవారి కంటే ఎక్కువగా ఆటలో నిలిచినారట. ఓడ పోయినవానికి కనీసం ఒక మనిషి ఎదురయినాడు, చెప్పుకోవడానికి ఒక కథ మిగిలినది. ఎవరూ పలకరించక, ఎవరూ కొట్టక, ఒంటరిగా తిరిగినవానికి అది కూడా లేదు. ఈ వ్యాఖ్య మాది, లెక్క మాత్రం వారిది. అదే ఆటలో కొందరు ఆటగాళ్లు 2004లో తమంతట తాము 'ఈవ్ యూనివర్సిటీ' అనే సంఘం పెట్టి, కొత్తగా చేరినవారికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టినారు. నిర్వాహకుడు చేయలేని పని పాతవారు చేయగలరనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తోచడం లేదు.

ఇప్పుడు మన అబ్బాయి మైన్‌క్రాఫ్టు ఊరికి తిరిగి వద్దాము. అక్కడ పగలు 10 నిమిషాలు. ఆ పైన సంధ్య, ఆ పైన సుమారు ఏడు నిమిషాల రాత్రి, ఆ రాత్రిలో దయ్యాలూ అస్థిపంజరాలూ తిరుగుతాయి. కొత్తవాడు కళ్లు తెరిచిన పది నిమిషాలలో కట్టెలు తెచ్చుకుని తలదాచుకునే చోటు చూసుకోవాలి. కొత్త లోకంలో ఇది సరదాగా ఉంటుంది. పాత లోకంలో మాత్రం అందరూ మొదట దిగేది ఆ ఒక్కచోటనే గనుక, చుట్టూ చెట్లు నరికి ఉంటాయి, నేల గోతులుపడి ఉంటుంది, పశువులు ఉండవు. కట్టె కోసం దూరం పోయేలోగా చీకటి పడుతుంది. నిర్వాహకునికి తన ఊరిలో ఇట్టి చిక్కు ఉన్నదని తెలియనే తెలియదు, ఎందుకంటే అతనికి కోటా, కవచమూ అన్నీ ఉన్నవి. తన ఊరిని తానే కొత్తవానిగా, ఖాళీ చేతులతో, నెలకు ఒకసారి ప్రవేశించి చూడడం అవసరం. మరొకరి పేరుతో వెళ్లితే ఇంకా మంచిది.

దిగేచోట ఏముండాలి? మేము చూసిన కొన్నిచోట్ల పెద్ద పాలరాతి మండపం, నలభై నియమాలు రాసిన పలకలు, ఎటు పోవాలో తెలియని పది ద్వారాలు ఉన్నవి. చూడడానికి బాగున్నది, కొత్తవానికి తల తిరిగినది. నియమాలు నాలుగు చాలును. పరుల ఇల్లు పడగొట్టరాదు, పరుల పెట్టె తెరవరాదు, దుర్భాష కూడదు, చిక్కు వస్తే ఫలానావారిని అడగవలెను. వాటి ప్రక్కన ఒక పడుకునే చోటు, కాస్త రొట్టె, ఎవరైనా కోసుకుని మళ్లీ నాటవలసిన పొలం, ఊరిలోకి పోయే ఒక దారి. దిగేచోటికి చుట్టూ 16 దిమ్మెల దూరం వరకు మామూలు ఆటగాళ్లు ఏమీ పడగొట్టకుండా ఆ ఆటలోనే కాపుదల ఉన్నది. ఊరు పెరిగిన తరువాత అది చాలదు. ఎవరు ఏ దిమ్మె తీసినారో రాసి ఉంచి, తిరిగి యథాస్థానంలో పెట్టగల అదనపు పనిముట్లు ఉన్నవి. రాత్రి ఎవడో వచ్చి తగలబెట్టిన ఇల్లు తెల్లవారేసరికి మళ్లీ నిలిచి ఉంటే, ఆ ఇంటివాడు వెళ్లిపోడు.

వీటన్నిటికంటె ముందు కావలసినది ఒక పలకరింపు. యంత్రం దానంతట అది వేసే స్వాగతవాక్యం కాదు మేము చెప్పేది, దానిని ఎవరూ చదవరు. "తమ్ముడూ, కొత్తగా వచ్చావా? ఇల్లు ఎక్కడ కట్టుకుంటావు? మా వాగు ప్రక్కన చోటుంది" అని ఒక మనిషి అడగాలి. తెలుగు పిల్లలు ఆంగ్లాక్షరాలతో తెలుగు రాసుకుంటారు, అది చూసి పెద్దలు ముఖం చిట్లించవచ్చు గాని, అపరిచితమైన ఊరిలో ఆ రెండు మాటలు కనబడితే కలిగే ధైర్యం వేరు. ఇంకొక కిటుకు కూడా చెప్పవచ్చు. కొత్తవానికి వస్తువులు దానం చేయడం కంటె పని అప్పగించడం మేలు. వజ్రపు ఖడ్గం ఉచితంగా ఇచ్చినవానికి మరునాడు సంపాదించడానికి ఏమీ మిగలదు. వంతెనకు రాళ్లు తక్కువయినవి, నాలుగు తెచ్చిపెట్టు అన్నవాడు, ఆ వంతెనలో అతనికి భాగం ఇచ్చినాడు.

జనాన్ని రప్పించే ఉపాయాలు వేరే ఉన్నవి, వాటిని ఎక్కువగా పొగడడం మాకు ఇష్టం లేదు. సర్వర్ల జాబితాలు ప్రకటించే చోట్లు ఉన్నవి. అక్కడ ఆటగాళ్లు రోజూ ఓటు వేస్తే పేరు పైకి పోతుంది, అందుకు బహుమానాలు పంచుతారు. యూట్యూబులో పేరున్నవారు ఒకసారి వస్తే వేలమంది వెంట వస్తారు. నియమాలే లేని సర్వరుగా 2010 డిసెంబరు నుండి నడుస్తున్న 'టూ బీ టూ టీ' అనుభవం చూడండి. 2016 జూన్‌లో ఒక యూట్యూబు వ్యాఖ్యాత దానిని గురించి చెప్పగానే జనం విరగబడినారు. ప్రవేశానికి బారులు తీరవలసి వచ్చినది, పాతవారు జట్టుకట్టి కొత్తవారిని వేటాడినారు. ఇరవైమందికి సిద్ధం కాని ఊరికి రెండు వేలమందిని పిలవడం విందుకు ఊరంతటినీ పిలిచి ఒక్క కుంచెడు బియ్యం పోసినట్లే.

డబ్బు సంగతి తల్లిదండ్రులు తెలుసుకోవలసినది. సర్వరును అద్దె కంప్యూటరులో నడిపితే నెలనెలా ఖర్చు తప్పదు గనుక నిర్వాహకులు హోదాలూ, ఆయుధాలూ అమ్మడం మొదలుపెట్టినారు. డబ్బిచ్చినవాడు బలవంతుడయితే ఇయ్యనివాడు ఎంతకాలం ఉంటాడు? 2014లో మోజాంగ్ సంస్థ ఈ పద్ధతిని నిషేధించినది. అలంకారాలు అమ్మవచ్చు, ఆటలో పైచేయి అమ్మరాదు అన్నది దాని సారాంశం. చిరాకుపడినవారు చాలామంది ఉన్నా, ఆ నియమం కొత్తవారి పక్షాన ఉన్నదనే మేము అనుకుంటున్నాము.

ఇక ఈ పోటీ ఎంతదూరం పోయినదో చెప్పే కథ ఒకటి ఉన్నది. పెద్ద సర్వర్లకు ఆటగాళ్లే ఆదాయం. ఎదుటి సర్వరు మీదికి దొంగ సందేశాల వరద వదిలి దానిని స్తంభింపజేస్తే, విసిగిన ఆటగాళ్లు తమవైపు వస్తారని కొందరి లెక్క. అమెరికాలో ముగ్గురు యువకులు 2016లో 'మిరాయ్' అనే దుష్టకార్యక్రమం తయారుచేసినారు. తాళం సరిగా వేయని ఇంటి కెమెరాలనూ, రౌటర్లనూ లక్షల సంఖ్యలో లోబరచుకుని వాటిచేత ఒకేసారి దాడి చేయించడం దాని పని. మైన్‌క్రాఫ్టు సర్వర్ల రంగంలోని లాభాపేక్షే దానికి మూలమని విచారణలో తేలినది. ఆ కార్యక్రమాన్ని వారు బహిరంగపరచగా, ఇతరులు దానితో 2016 అక్టోబరులో చేసిన దాడి వలన అమెరికాలో ఎన్నో ప్రసిద్ధ ఇంటర్నెట్టు సేవలు గంటల తరబడి అందలేదు. 2017 డిసెంబరులో ఆ ముగ్గురి నేరాంగీకారం వెల్లడయినది. పిల్లల ఆటలో కొత్త ఆటగాని విలువ ఎంతో, దానికోసం మనుషులు ఏ పనికి దిగగలరో ఈ కథ వలన తెలుస్తున్నది.

దూరం కూడా ఒక శత్రువు. గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అనగా వెయ్యి కిలోమీటర్లు పోయిరావడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. హైదరాబాదు నుండి బొంబాయికి ఇది లెక్కకు రాదు. జర్మనీలో ఉన్న సర్వరుకయితే గీత గీసినట్లు పోయినా వందింట ఏడు వంతుల సెకను, తంతువుల వంకరటింకర దారులలో దాదాపు రెట్టింపు కావడం మామూలే. ఆ ఆటలో లోకం సెకనుకు 20 సార్లు కదులుతుంది గనుక, అంత ఆలస్యమయితే మనవాడు కత్తి ఎత్తేలోపున ఎదుటివాడు కొట్టి పోతాడు. ఇల్లు కట్టుకునేవానికి ఇది పట్టదు, పోట్లాడేవానికి ప్రాణసంకటం. నేడు బొంబాయిలోనూ, హైదరాబాదులోనూ అద్దె కంప్యూటర్లు దొరుకుతున్నవి గనుక, ధర చవక అని దూరదేశపు సర్వరు తీసుకునేముందు ఆలోచించాలి. మరొక మాట. ఫోనులో ఆడే మైన్‌క్రాఫ్టు వేరు, కంప్యూటరులోని 'జావా' రూపం వేరు, ఒకదాని ఆటగాళ్లు రెండవదానిలోకి మామూలుగా రాలేరు. మన ఇళ్లలో ఫోనే ఉన్న పిల్లలు చాలామంది. 'గీజర్' అనే ఉచితమైన వంతెన ఒకటి పెట్టుకుంటే వారికీ తలుపు తెరుచుకుంటుంది.

పిల్లలు నడిపే సర్వరుకు ముక్కూమొగం తెలియనివారిని పిలవనవసరమే లేదని కూడా మేము చెప్పదలచినాము. అనుమతించిన పేర్లవారికే తలుపు తీసే ఏర్పాటు ఆ ఆటలోనే ఉన్నది. తెలిసిన పన్నెండుమంది, వారు తీసుకువచ్చిన మరి నలుగురు చాలు, ఊరు సందడిగా ఉంటుంది. ఆ జాబితా తల్లిదండ్రులు ఒకసారి చూడడం, శనివారం రాత్రి కాసేపు ప్రక్కన కూర్చోవడం మంచిది.

ఎంత చేసినా కొన్ని నెలలకు ఉత్సాహం తగ్గుతుంది. పాతవారికి అన్నీ ఉన్నవి, కొత్తవారికి ఏమీ లేదు, ఇద్దరికీ తోచదు. 2012 నుండి ఆహ్వానితులతో మాత్రమే నడుస్తున్న 'హెర్మిట్‌క్రాఫ్టు' దీనికి చూపిన మార్గం, కొంతకాలానికి పాత లోకాన్ని మూసి కొత్త లోకంలో అందరూ ఒకే రోజున, ఒకే రిక్తహస్తాలతో మొదలుపెట్టడం. మరి పాత ఊరు ఏమి కావాలి? మొత్తం లోకమంతా కంప్యూటరులో ఒక్క దస్త్రాల కట్ట, దానికి నకలు తీయడం కొద్దిసేపటి పని. హెర్మిట్‌క్రాఫ్టువారు మూసిన లోకాల నకళ్లను కోరినవారికి అందుబాటులో ఉంచుతారు. మన అబ్బాయి కూడా తన సర్వరు మూయవలసి వచ్చిన రోజున, మొదట తేదీ చెప్పి, అందరినీ ఒకసారి పిలిచి, ఆ కట్టను పంచవచ్చు. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు ఎప్పుడైనా దానిని తన యంత్రంలో తెరిచి, తాను రాళ్లు మోసిన వంతెన మీద నడిచి చూసుకుంటాడు.